ఓడిన నమూనాల లెక్క కూడా చెప్పండి
(భారత వాతావరణ శాఖ డైరెక్టర్ జనరల్ గారికి బహిరంగ లేఖ)



ఉగాది నాడు ఊరూరా పంచాంగ శ్రవణం జరుగుతుంది. ఆ ఏడు మేఘాధిపతి ఎవరో, వానలు ఎలా ఉంటాయో పండితులు చదివి వినిపిస్తారు. కొద్ది రోజులు గడిచాక, ఏప్రిల్ మధ్యలో, మీ శాఖ నైరుతి రుతుపవనాల తొలి అంచనాను ప్రకటిస్తుంది. దీర్ఘకాలిక సగటులో ఇంత శాతం, అటూ ఇటూ ఐదు శాతం తేడాతో అని ఒక అంకె వెలువడుతుంది. వేరుశెనగ వేయాలా, కంది వేయాలా, కౌలుకు ఇంకో రెండెకరాలు తీసుకోవాలా, అప్పు ఎంత తేవాలి అని తేల్చుకోవలసిన మెట్ట రైతు ఈ రెండు మాటలూ వింటాడు. గతంలో చెప్పిన వాటిలో ఎన్ని నిజమయ్యాయి, తప్పినవి ఎంత తేడాతో తప్పాయి అనే పద్దు పంచాంగం రాయదు. ఆ పద్దు రాయడం దాని సంప్రదాయంలో లేదు. మీది శాస్త్రం కాబట్టి ఆ పద్దే మీ బలం. ఈ లేఖ ఆ పద్దు గురించే. మీరు ప్రకటించే ఒక్క అంకె వెనక ఎన్నో నమూనాలు పోటీ పడి ఉంటాయి. గెలిచిన నమూనా చెప్పిన మాట మాకు చేరుతోంది. పోటీలో ఎవరెవరున్నారో, దేనితో కొలిచారో, ఓడినవి ఎంత తేడాతో ఓడాయో చేరడం లేదు. ఆ పోటీ మొత్తాన్ని ఏటా ప్రజల ముందు పెట్టమని నా విన్నపం. ఎందుకు పెట్టాలో చెప్పడానికి మీ శాఖ చరిత్ర కన్నా మంచి సాక్ష్యం నాకు కనబడలేదు.

1876లో మొదలైన ధాతు కరువు రాయలసీమతో సహా మద్రాసు ప్రెసిడెన్సీని ఖాళీ చేసింది. ఆ కరవు తర్వాతే, రాబోయే వానలను ముందుగా చెప్పగలమా అన్న ప్రశ్న అప్పటి ప్రభుత్వానికి అత్యవసరమైంది. 1875లో ఏర్పడిన మీ శాఖకు తొలి అధిపతి అయిన హెన్రీ బ్లాన్‌ఫర్డ్, హిమాలయాల మీద మంచు ఎక్కువ కురిస్తే వానలు తగ్గుతాయన్న సంబంధాన్ని పట్టుకుని 1886 నుంచి అధికారికంగా అంచనాలు ఇచ్చాడు. 1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణితవేత్త. ఒక్క మంచునే నమ్ముకోకుండా మారిషస్, దక్షిణ అమెరికాల వాయుపీడనాన్ని, జాంజిబార్ వానను కూడా చేర్చి రిగ్రెషన్ సమీకరణం కట్టాడు. రుతుపవనాల అంచనాకు గణాంక నమూనా అన్నది అక్కడ మొదలైంది. వాకర్ పేరు చెప్పగానే పసిఫిక్ మీది వాయుపీడనపు ఊగిసలాట గుర్తుకు వస్తుంది గానీ, 1914లో మీ శాఖ ప్రచురణల్లోనే ఆయన రాసిన ఒక హెచ్చరికను తలుచుకునేవారు తక్కువ. వందల సంబంధాలను వెతికి, వాటిలో అన్నిటికన్నా బలమైనదాన్ని ఏరి చూపించేటప్పుడు, ఒకే ఒక్క సంబంధాన్ని పరీక్షించే కొలబద్ద చాలదని, అంతకన్నా చాలా కఠినమైనది కావాలని ఆయన లెక్క కట్టి చూపాడు. ఇప్పుడు మీకు రాస్తున్న విషయమంతా ఆ హెచ్చరికలోనే ఉంది.

దాని అర్థం ఇది. చేతిలో 30 ఏళ్ల వానల లెక్క ఉందనుకుందాం. ప్రపంచంలోని వేరువేరు చోట్ల ఉష్ణోగ్రత, పీడనం, గాలి, మంచు వంటి వంద అంశాలను దానితో పోల్చి చూశాం. ఆ వందలో ఒక్కదానికీ మన వానలతో ఏ సంబంధమూ లేదనే అనుకుందాం. అయినా సహసంబంధ గుణకం 0.36 దాటి, మామూలు పరీక్షలో నెగ్గేవి సగటున ఐదు ఉంటాయి. అవన్నీ కాకతాళీయాలే. కాకి వాలింది, తాటిపండు పడింది. వంద కాకులను వంద చెట్ల మీద గమనిస్తే ఏవో కొన్ని చోట్ల పండు పడే తీరుతుంది. ఆ ఐదింటినీ కలిపి సమీకరణం కడితే గడిచిన 30 ఏళ్లకు అది చక్కగా అతుకుతుంది. గ్రాఫు మీద నమూనా గీత, వానల గీత జంటగా నడుస్తాయి. ముప్పై ఒకటో ఏడు రాగానే విడిపోతాయి. గతానికి అతకడం ఒక గుణం, రాబోయేదాన్ని చెప్పగలగడం వేరొక గుణం. నమూనాలో అంశాలు చేర్చినకొద్దీ మొదటిది పెరుగుతూనే ఉంటుంది. రెండోది కొంతదూరం పెరిగి, అక్కడి నుంచి పడిపోతుంది. ఎక్కడ పడిపోవడం మొదలైందో చూసి ఆగడమే నమూనాలను పోల్చే విద్య.

1988లో వసంత్ గోవారికర్ నాయకత్వంలో వచ్చిన 16 అంశాల నమూనా ఈ పాఠాన్ని దేశమంతటికీ నేర్పింది. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. భూగోళంలో చాలా మూలల నుంచి వచ్చే సంకేతాలను ఒక్కచోట కూర్చే సాహసం అందులో ఉంది. అయితే ఆ 16 అంశాల్లో ప్రతిదానికీ ఒక గుణకం, ఒక ఘాతాంకం ఉన్నాయి. అంటే గతాన్ని చూసి నిర్ణయించవలసిన సంఖ్యలు ముప్పైకి పైమాటే. వాటిని నిర్ణయించడానికి ఉన్న అనుభవం నాలుగు దశాబ్దాలకు మించని వానల లెక్క. ఒక్కో సంఖ్యకు పట్టుమని రెండేళ్ల సాక్ష్యం కూడా లేదు. అలాంటి నమూనా గతానికి అతకకపోతే ఆశ్చర్యపోవాలి గానీ, అతికితే ఆశ్చర్యం ఏముంది? అయినా ఏళ్ల తరబడి దానికి మంచి పేరే వచ్చింది. 2002లో ఆ నమూనా సగటుకు 101 శాతం వాన పడుతుందని చెప్పింది. జూలైలో దేశంలో పడవలసిన వానలో దాదాపు సగం పడలేదు. సీజను ముగిసేసరికి 81 శాతం దగ్గర ఆగింది. మృగశిరలో విత్తిన గింజ మొలిచి, పునర్వసు, పుష్యమి కార్తెల్లో నిలువునా ఎండిపోయిన ఏడు అది.

అంతకుముందు వచ్చిన మంచి పేరు ఎక్కడిది? 1989 నుంచి 2001 దాకా వరుసగా 13 ఏళ్లు దేశం మొత్తం మీద కరవు సంవత్సరమన్నదే రాలేదు. దేశపు నైరుతి వాన ఏటికేడు సగటు చుట్టూ సుమారు పది శాతం మేర ఊగుతుంది. కాబట్టి మూడేళ్లలో రెండేళ్లు అది 90కీ 110కీ మధ్యనే పడుతుంది. ఏ సముద్రాన్నీ చూడకుండా, ఏ పీడనాన్నీ కొలవకుండా, ఏటా ‘వానలు మామూలుగానే ఉంటాయి’ అని చెప్పేవాడి మాట కూడా మూడింట రెండుసార్లు నిజమవుతుంది. కరవు లేని 13 ఏళ్లలో అయితే అతని మాట ఇంకా ఎక్కువసార్లు నెగ్గుతుంది. కాబట్టి నమూనాను అడగవలసింది ఎన్నిసార్లు నిజం చెప్పావని కాదు, ఏమీ తెలియనివాడి కన్నా ఎంత మెరుగ్గా చెప్పావని. ఆ ఏమీ తెలియనివాడిని, అంటే ఒట్టి దీర్ఘకాలిక సగటును, పోటీలో మొదటి అభ్యర్థిగా నిలబెట్టి ఏటా పక్కపక్కన లెక్క వేసి ఉంటే, 16 అంశాల నమూనా బలం ఎంతో 2002 కన్నా ముందే తెలిసేది. కరవు వచ్చి చెప్పవలసిన అవసరం ఉండేది కాదు.

2002 తర్వాత మీ శాఖ ఊరుకోలేదు. వానలతో సంబంధం సన్నగిల్లిన అంశాలను తీసేసి, 2003లో 8, 10 అంశాల కొత్త నమూనాలు తెచ్చింది. ఆ ఏడు ఫలితం బాగుంది. మరుసటి ఏడు, 2004లో, వంద శాతం అని చెబితే సుమారు 13 శాతం లోటు వచ్చింది. పాత నమూనా తప్పిందని దాన్ని చక్కదిద్ది, చక్కదిద్దిన నమూనా కొత్తగా తప్పిన అంకె కూడా అతికేలా ఉందని సంతృప్తి పడితే, మనం గతాన్ని వెంటాడుతున్నామే తప్ప భవిష్యత్తు వైపు తిరగలేదన్నమాట. 2005లో సులోచనా గాడ్గిల్, ఎం.రాజీవన్, రవి నంజుండయ్య కలిసి ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ఈ మాటే సూటిగా రాశారు. 1932 నుంచి వాడిన గణాంక నమూనాల పనితీరును వరుసగా పరిశీలించి, అది సంతృప్తికరంగా లేదని తేల్చారు. ఆ ముగ్గురిలో రాజీవన్ అప్పటికి మీ శాఖ శాస్త్రవేత్త. తన శాఖ అంచనాల పద్దును తానే విప్పి లోకానికి చూపడం మీ సంప్రదాయంలో లేనిది కాదని చెప్పడానికే ఈ సంగతి గుర్తుచేస్తున్నాను.

ఆ ఆత్మపరిశీలన ఫలితమే 2007లో వచ్చిన కొత్త పద్ధతి. మొత్తం 8 అంశాలు. వాటిలో ఏప్రిల్ అంచనాకు 5, జూన్ అంచనాకు 6. ఆరు అంశాలుంటే వాటిని తీసుకోవడం, వదిలేయడం అనే ఎంపికలతో, అన్నిటినీ వదిలేసేది పోగా, 63 నమూనాలు సాధ్యమవుతాయి. రాజీవన్, ఆయన సహచరులు వాటిలో ఏ ఒక్కదాన్నో కిరీటం పెట్టి కూర్చోబెట్టలేదు. అన్నిటినీ కట్టి, కొన్నేళ్ల లెక్కతో నేర్పి, ఆ తర్వాతి ఏడును చెప్పమని అడిగి, ఆ కిటికీని ఏడాది చొప్పున ముందుకు జరుపుతూ పరీక్షించారు. బాగా చెప్పిన కొన్నిటిని ఎంచి వాటి సగటును అంచనాగా తీసుకున్నారు. పరీక్ష ఏడుకు సంబంధించిన సమాచారం నమూనా కంట పడకుండా పరీక్షించడం ఇందులోని నిజాయితీ. అంతకు ఐదేళ్ల ముందు, 2002లో, అమెరికాలో పనిచేస్తున్న టిమోతీ డెల్‌సోల్, జగదీశ్ శుక్లా మన రుతుపవనాల మీదే చేసిన పరిశోధన ఇలాంటి దారినే చూపింది. అన్ని అంశాలనూ గుప్పించిన నమూనా, గతానికి బాగా అతికిన నమూనా, చివరకు చూడని ఏళ్ల మీద అందరికన్నా ముందు నిలిచిన ఒక్క నమూనా, ఈ మూడింటిలో దేన్ని నమ్ముకున్నా కలిగే లాభం తక్కువని వారు చూపారు. చూడని ఏళ్ల మీద తేలిపోయినవాటిని ముందు పక్కన పెట్టి, మిగిలిన వాటి మధ్య తేడా నిజమైనదా, అదృష్టమా అని పరీక్షించి ఎంచుకుంటే సగటున మెరుగైన అంచనా వస్తుందని తేల్చారు. అంటే మొదటి స్థానం కూడా కాకతాళీయం కావచ్చు. రెండో స్థానానికీ దానికీ ఎంత తేడా ఉందో తెలియకుండా మొదటి స్థానానికి విలువ కట్టలేం.

ఈ విద్యకు పనిముట్లు లేక కాదు. హిరోతుగు అకాయికె 1973లో, నమూనాలో చేర్చిన ప్రతి అదనపు సంఖ్యకూ జరిమానా వేసి, అతుకు ఎంత బాగున్నా ఆ జరిమానా పోగా మిగిలిందే లెక్కలోకి తీసుకోవాలన్న కొలతను ఇచ్చాడు. అంతకు పాతికేళ్ల ముందు, 1948లో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన మన సి.ఆర్.రావు, చిన్న నమూనాను మాత్రమే కట్టి దానికి ఇంకో అంశం చేర్చవలసిన అవసరం ఉందా అని పరీక్షించే పద్ధతి ఇచ్చారు. ప్రపంచమంతా ఈనాటికీ దాన్ని వాడుతోంది. ఇవన్నీ మీ శాస్త్రవేత్తలకు కరతలామలకాలు. కానీ ఈ కొలతలన్నిటికీ ఒక పరిమితి ఉంది. పోటీకి వచ్చిన వారిలో ఎవరు మేలో అవి చెబుతాయి. అసలు మేలైనవాడు పోటీకి వచ్చాడా లేదా అన్నది చెప్పవు. అభ్యర్థుల జాబితా ఎంత విశాలంగా ఉంది, ఎవరు దాన్ని తయారుచేశారు, ఏ అంశాలను ముందే చూసి పక్కన పెట్టారు అన్నది కొలత లోపల కనిపించదు. మీరు చెబితేనే తెలుస్తుంది. వాకర్ హెచ్చరిక అక్కడే మళ్లీ ఎదురవుతుంది. 63 నమూనాలను నిజాయితీగా పరీక్షించినా, ఆ ఆరు అంశాలను వందలాది అంశాల్లోంచి అవే ఏళ్ల లెక్క చూసి ఏరి ఉంటే, పరీక్షకు ముందే ప్రశ్నపత్రం కొంత బయటపడినట్టే.

ఇంకో చిక్కు ఉంది. నిన్న నిజమైన సంబంధం రేపటికి చెల్లకుండా పోవచ్చు. ఎల్ నినో వస్తే మనకు వానలు తగ్గుతాయన్నది శతాబ్దం పాటు గట్టిగా నిలిచిన సంబంధం. 1997లో గత శతాబ్దపు అతి బలమైన ఎల్ నినోల్లో ఒకటి వచ్చింది. అయినా దేశంలో వాన సగటు కన్నా కాస్త ఎక్కువే పడింది. 1999లో కృష్ణకుమార్, ఆయన సహచరులు ‘సైన్స్’ పత్రికలో ఈ సంబంధం బలహీనపడుతోందని చూపారు. ఆ తర్వాత 2002, 2009, 2015 కరవులు ఎల్ నినో ఏళ్లలోనే వచ్చి, ఆ బంధం పూర్తిగా తెగలేదని గుర్తుచేశాయి. ఏ అంశం ఎంతకాలం నమ్మదగినదో ముందుగా ఎవరూ చెప్పలేని చోట, పోటీని ఒకసారి జరిపి విజేతను ప్రకటించి ముగించడం కుదరదు. ఏటా మళ్లీ జరపాలి, ఏటా ఫలితం చెప్పాలి. నిన్న ఓడిన నమూనా రేపు పనికిరావచ్చు గనుక దాని పద్దును పారేయకూడదు.

‘ఈ చర్చ పాతబడింది, 2021 నుంచి మేం ఒక్క గణాంక నమూనాల మీదే ఆధారపడటం లేదు’ అని మీరు అనవచ్చు. నిజమే. ఇప్పుడు సముద్రాన్నీ వాతావరణాన్నీ కలిపి భౌతిక సూత్రాలతో నడిపే ప్రపంచ నమూనాలు అనేకం తీసుకుని, వాటి సమాహారంతోనూ అంచనా ఇస్తున్నారు. 2012లో మొదలైన రుతుపవన మిషన్ ఇందుకు పునాది వేసింది. ఇది పెద్ద ముందడుగు. కానీ ఆ సమాహారంలోకి ఏ నమూనాలను తీసుకోవాలి అన్నదాన్ని మీరెలా తేలుస్తున్నారు? మన ప్రాంతపు వానలను గతంలో ఎవరు బాగా పట్టుకున్నారో చూసి, వారిని ఎంచుతున్నారు. అంటే ఎంపిక మళ్లీ గణాంకాల చేతుల్లోనే ఉంది. నమూనా లోపల భౌతిక శాస్త్రం ఉన్నా, నమూనాల మధ్య తీర్పు చెప్పేది కొద్ది ఏళ్ల వానల లెక్కే. అలాంటప్పుడు వాకర్ చెప్పిన జాగ్రత్త అక్షరం మారకుండా ఇక్కడా వర్తిస్తుంది. పైగా సమాహారానికి తనదైన బలహీనత ఒకటి ఉంది. ఎన్నో నోళ్ల మాటను సగటు చేస్తే అది మధ్యకు జరుగుతుంది. పెద్ద తప్పులు తగ్గుతాయి, నిజమే. అదే చేత్తో పెద్ద కరవును ముందుగా చెప్పే గొంతు కూడా తగ్గుతుంది. సగటు అంకె ఎంత దగ్గరగా వచ్చిందన్న కొలత ఒక్కటే చాలదు, 90 శాతం లోపు పడే అవకాశాన్ని ఎంత సరిగా చెప్పారన్న కొలత వేరుగా కావాలి. మెట్ట రైతును ముంచేది ఆ ఏళ్లే.

ఇటీవలి పద్దునే చూద్దాం. 2015 ఏప్రిల్‌లో మీరు 93 శాతం అన్నారు, జూన్‌లో దాన్ని 88కి తగ్గించారు. పడింది 86. కరవును ధైర్యంగా ముందే చెప్పిన ఏడు అది. 2024లో 106 అన్నారు, 108 పడింది. ఇంకోవైపు 2009 ఏప్రిల్‌లో 96 అన్నారు, 78 దగ్గర ఆగింది. 2016లో 106 అంటే 97, 2019లో 96 అంటే 110 పడ్డాయి. ఏటా నూరు అని చెప్పేవాడితో పోలిస్తే 2015లోనూ 2024లోనూ మీరు బాగా ముందున్నారు. 2009లో కొద్దిగా ముందున్నారు. 2016, 2019ల్లో అతనే మీకన్నా దగ్గరగా వచ్చాడు. అయితే ఈ ఐదేళ్లను ఏరినవాణ్ని నేను. మీ మీద కోపం ఉన్నవాడు వేరే ఐదేళ్లు ఏరుతాడు, అభిమానం ఉన్నవాడు ఇంకో ఐదేళ్లు ఏరుతాడు. ఎవరికి కావలసిన కథ వారికి దొరుకుతుంది. ఏరుకోవడానికి వీల్లేకుండా అన్ని ఏళ్లూ, అన్ని నమూనాలూ ఒకే చోట, ఒకే కొలతతో ఉంటే ఈ కథలన్నీ ఆగిపోతాయి. మీ పట్ల న్యాయంగా ఉండటానికి కూడా మాకు ఆ పద్దు కావాలి.

మీరు చేస్తున్నది తక్కువేమీ కాదు. ఏప్రిల్ ప్రకటనలో ఐదు తరగతుల అవకాశాలను శాతాల్లో ఇస్తున్నారు. వాటి పక్కనే, దీర్ఘకాలిక లెక్క ప్రకారం ఆ తరగతులకు మామూలుగా ఉండే అవకాశాన్నీ వేస్తున్నారు. ఏమీ తెలియనివాణ్ని పక్కన నిలబెట్టడమంటే అదే. సీజను ముగిశాక చెప్పినదీ పడినదీ పోల్చి నివేదిక ఇస్తున్నారు. నేను అడిగేది ఇదే దారిలో ఇంకొంత దూరం. అంచనాతో పాటు, పోటీలో ఉన్న ప్రతి నమూనా ఆ ఏడుకు విడిగా ఏం చెప్పిందో అదే రోజు వెల్లడించండి. సీజను మొదలయ్యాక మార్చడానికి వీల్లేకుండా ఆ పత్రం నిలిచిపోవాలి. ప్రతి నమూనా పాత పద్దును రెండు భాగాలుగా చూపండి. నమూనాను కట్టాక వెనక్కి తిరిగి పాత ఏళ్లకు వేసి చూసినవి ఒక భాగం, వాన పడకముందు నిజంగా చెప్పినవి రెండో భాగం. ఈ రెంటినీ కలిపి చూపితే అతుకును చూసి జోస్యం అనుకునే ప్రమాదం ఉంది. ఒట్టి సగటును, అతి చిన్న నమూనాను ప్రతి పట్టికలోనూ అభ్యర్థులుగా ఉంచండి. పరిశీలించి పక్కన పెట్టిన అంశాల జాబితాను, పక్కన పెట్టిన కారణాన్ని కలపండి. ఇదంతా దేశం మొత్తానికే కాక మీ 36 ఉపవిభాగాలకూ ఇవ్వండి. దేశం సగటు 110 అయిన ఏట అనంతపురం రైతుకు ఒరిగేది ఏమీ లేకపోవచ్చు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే నేల అది. కోస్తాంధ్ర, రాయలసీమ, తెలంగాణ మూడింటిలో మీ అంచనా ఎక్కడ ఎంత నమ్మదగిందో మూడు వేర్వేరు జవాబులుగా తెలియాలి.

ఇన్ని అంకెలు చూపితే జనం గందరగోళపడతారన్నది తరచూ వినిపించే అభ్యంతరం. ఇది రైతు తెలివిని తక్కువగా అంచనా వేయడమే. మార్క్ రోజెన్‌జ్వైగ్, క్రిస్టొఫర్ ఉడ్రీ అనే ఆర్థికవేత్తలు భారతీయ రైతు కుటుంబాల సమాచారంతో ఈ విషయాన్నే పరిశీలించారు. మీ శాఖ అంచనాల విశ్వసనీయత ప్రాంతాన్ని బట్టి మారుతుందని, నమ్మదగిన చోట రైతులు వాటిని బట్టి విత్తే వేళ పెట్టుబడి మార్చుకుంటున్నారని, నమ్మకం లేని చోట అసలు పట్టించుకోవడం లేదని వారు కనుగొన్నారు. అంటే మీరు ప్రచురించని పద్దును రైతులు అనుభవంతో, నష్టాలతో, తమకు తాముగా రాసుకుంటున్నారు. తెలంగాణలో 250 గ్రామాల్లో జరిగిన మరో అధ్యయనంలో, రుతుపవనాల రాక గురించి ముందుగా సమాచారం అందుకున్న రైతులు తాము అనుకున్నదాని కన్నా వార్త చెడ్డదైతే సాగు తగ్గించుకున్నారు, మంచిదైతే పెట్టుబడి పెంచారు. అంచనా ఇంత దూరం, ఎరువుల సంచీ దాకా, అప్పు పత్రం దాకా వెళుతున్నప్పుడు, దాన్ని ఎంతవరకు నమ్మాలో చెప్పడం అంచనాలో భాగమే. పట్టిక మొత్తం రైతు చదవనక్కర్లేదు. వ్యవసాయ విశ్వవిద్యాలయం చదువుతుంది, హైదరాబాదులోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ చదువుతుంది, బీమా లెక్కలు కట్టేవారు చదువుతారు, జిల్లా అధికారి చదువుతాడు. వారి నోట రైతుకు తన మండలం మాటగా అందుతుంది.

రెండో అభ్యంతరం భయానికి సంబంధించింది. ఓడిన నమూనాల పద్దు బయట పెడితే, ప్రతి కరవు తర్వాత ఎవరో ఒకరు ‘ఫలానా నమూనా సరిగ్గానే చెప్పింది, శాఖ వినలేదు’ అని వేలెత్తి చూపుతారు. చూపుతారు, సందేహం లేదు. 63 నమూనాలుంటే ఏ ఏడైనా ఏదో ఒకటి సరిగ్గా చెప్పే ఉంటుంది. అది కాకతాళీయమా, నిజంగా సత్తా ఉన్నదా అని తేల్చడానికి ఆ నమూనా మిగతా అన్ని ఏళ్లూ ఏం చెప్పిందో చూపడం ఒక్కటే మార్గం. ఆ పద్దు మూసి ఉంచితే మీ దగ్గర జవాబు ఉన్నా వినిపించదు. తెరిచి ఉంటే జవాబు ముందే అక్కడ రాసి ఉంటుంది. వేలెత్తేవాణ్ని నిలువరించేది గోప్యత కాదు, పూర్తి లెక్క. ధాన్యం, పప్పుల వ్యాపారులు దీన్ని వాడుకుంటారన్న మాటా వినిపిస్తుంది. వారు ఇప్పటికే మీ ఒక్క అంకెను పట్టుకుని ధరలు కదుపుతున్నారు. డబ్బున్నవారు సొంతంగా నిపుణులను పెట్టుకుని మీ అంచనా బలాబలాలు లెక్క కట్టుకోగలరు. ఆ శక్తి లేనిది రైతుకూ చిన్న వ్యాపారికీ. పద్దు బహిరంగమైతే డబ్బున్నవారికీ వీరికీ మధ్య ఉన్న దూరమే తగ్గుతుంది.

మూడో అభ్యంతరం వీటన్నిటికన్నా బరువైనది. ఏటా ఒక్క సీజను, ఒక్క ఫలితం. పదేళ్లు పోటీ పెట్టినా పది పరీక్షలే. ఇంత తక్కువ సాక్ష్యంతో రెండు నమూనాల్లో ఏది మేలో చాలాసార్లు తేలనే తేలదు. మరి ఈ పోలిక వల్ల లాభమేమిటి? దీన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఒప్పుకోవడం వల్లే ఈ లేఖ రాస్తున్నాను. తేలనప్పుడు తేలలేదని చెప్పడం కూడా ఫలితమే. ఇటీవలి రెండు మూడేళ్ల అంచనాలు బాగా కుదిరాయని కొత్త పద్ధతి గెలిచిందని ప్రకటించడం ఎంత తొందరపాటో, 2019 ఒక్కదాన్ని చూపి పాత పద్ధతి పనికిరాదనడం కూడా అంతే తొందరపాటు. కరవు లేని 13 ఏళ్లు 16 అంశాల నమూనాకు ఇచ్చిన పేరును ఒక్క జూలై తీసేసింది. సాక్ష్యం తక్కువగా ఉన్న చోట ప్రతి ఏడూ విలువైనదే. ఆ ఏడు ఏ నమూనా ఏం చెప్పిందో వాన పడకముందే రాసిపెట్టకపోతే ఆ సాక్ష్యం తిరిగి రాదు. పడిన తర్వాత కట్టిన నమూనాకు ఆ ఏడు ముందే తెలుసు. ఈ ఏప్రిల్‌లో రాయకుండా వదిలేసిన పంక్తిని వచ్చే ఏప్రిల్‌లో ఎంత డబ్బు పెట్టినా కొనలేం. ఇరవై ఏళ్ల తర్వాత మీ కుర్చీలో కూర్చునేవారు నమూనాలను ఎంచుకోవలసి వచ్చినప్పుడు, వారి చేతిలో ఇరవై నిజమైన పరీక్షలు ఉండాలా, ఇరవై పత్రికా ప్రకటనలే ఉండాలా అన్నది ఇప్పుడు మీ చేతిలో ఉంది.

వాకర్ తన కాలంలో కంప్యూటర్ లేకుండా, గుమాస్తాల చేత్తో వేసిన కూడికలతో వందల సహసంబంధాలు లెక్కించాడు. అన్ని లెక్కించాక, వాటిలో గెలిచినదాన్ని చూసి తొందరపడి నమ్మకండని చెప్పడానికీ ఆయన కాగితం ఖర్చు పెట్టాడు. ఎన్ని వెతికితే అది దొరికిందో చెప్పకుండా దొరికినదాన్ని మాత్రమే చూపడం సరికాదన్న ఆ నియమం ఈ దేశపు వాతావరణ శాఖలో, మీరు ఇప్పుడు నిర్వహిస్తున్న పదవిలో ఉన్నవాడి కలం నుంచే వచ్చింది. వచ్చే ఏప్రిల్‌లో మీరు అంకె చదివేటప్పుడు, దాని వెనక పోటీపడిన నమూనాల పట్టికను కూడా పక్కన పెట్టండి. ఉగాది మాటా మీ మాటా విని దుక్కి దున్నబోయే రైతుకు మీ మాటను ఎంత నమ్మాలో కూడా చెప్పినవారవుతారు. తప్పిన ఏళ్లను దాచని మాటకు ఆ ఊళ్లో విలువ ఉంటుంది.

ఇట్లు,
మీ అంచనాల మీద గౌరవంతో,
ఒక తెలుగు పౌరుడు